వెనక గోడ లేని ఎండాకాలం

మా పాత ఇంటి వెనక గోడ పడిపోయిన సంగతి మా మేనత్త ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను కాజీపల్లిలో, మా కంపెనీ క్యాంటీన్‌లో అన్నం తింటున్నాను. నేను అక్కడ మందుల ప్యాకింగ్‌లో పనిచేస్తాను. అత్త గొంతులో కంగారేమీ లేదు.

"ఎనుక గోడ కూసున్నది బిడ్డా. నాకేం కాలే. జెర పురుసత్ జూస్కొని రా," అంది.

తీరిక చూసుకుని రమ్మన్నది సరే, గోడ కూర్చోవడమేమిటో నాకు అర్థం కాలేదు. ఆదివారం వెళ్లి చూస్తే, అది నిజంగానే కూర్చుని ఉంది. పైభాగం బయటికి ఒరిగి, నడుము దగ్గర విరిగి, మట్టిపెళ్లలన్నీ ఒకే కుప్పగా నీళ్ల వైపు జారిపోయాయి. గోడ ఉండాల్సిన చోట మంజీర నీళ్లు కనిపిస్తున్నాయి. ఇంట్లో అంత వెలుతురు నేనెప్పుడూ చూడలేదు. బాధపడాలో, బాగుందనుకోవాలో తెలియలేదు.

మా ఇల్లు మొదట నీళ్ల పక్కన కట్టింది కాదు. తాత కట్టినప్పుడు ఏరు చాలా దూరంగా ఉండేదట. కింద ఆనకట్ట కట్టాక నీళ్లు ఎదురెక్కి వచ్చి పల్లంలోని పొలాలను ముంచేసి, మా గడ్డ దగ్గర ఆగాయి. బాగా వానలు పడిన ఏడు అవతలి ఒడ్డు కనిపించదు. నాన్న పటాన్‌చెరులో ఫ్యాక్టరీ ఉద్యోగంలో చేరి మమ్మల్ని బీరంగూడకు తీసుకొచ్చేశాడు కాబట్టి, నాకూ మా తమ్ముడికీ ఆ ఇల్లంటే సెలవుల ఇల్లు. ఆ నీళ్లనే మేం సముద్రం అనుకునేవాళ్లం. అసలు సముద్రాన్ని నేను ఇప్పటికీ చూడలేదు.

ఎండాకాలం వచ్చేసరికి ఆ సముద్రం వెనక్కి పోతుంది. దాని కింద నుంచి నల్లరేగడి బయటపడి, ఎండి, చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుకుంటుంది. నీళ్లొస్తే ఉబ్బే నేల, నీళ్లు పోతే కుంచించుకుపోయే నేల. ఇల్లు కూడా దానితోపాటే కదులుతుంది. ఒక ఏడు తలుపు పడదు, మరుసటి ఏడు తెరుచుకోదు.

అక్కడ ఉండేది మా మేనత్త ఒక్కతే. ఆమె మెట్టినూరు పెద్ద రిజర్వాయరు కింద మునిగిపోయింది. భర్త కూడా తొందరగానే పోయాడు. పుట్టింటికి తిరిగొచ్చి, అన్నతో "నన్ను ఇక్కడికి తరిమిన నీళ్లు ఇక్కడికే వచ్చినయి" అందట. నాన్న నవ్వుతూ చెప్పేవాడు ఆ మాట. అందులో నవ్వాల్సిందేముందో నాకు తెలిసేది కాదు.

తమ్ముడు పటాన్‌చెరులో ఒక మెషిన్ షాపులో షిఫ్ట్ ఇన్‌చార్జి. ఏ పనైనా ఒక పద్ధతి ప్రకారం జరగాలంటాడు. గోడ ఒక్కటే కడితే లాభం లేదని, ఇల్లంతా బాగుచేయిద్దామని అన్నాడు. వెనక గది పెంకులు దించి రేకులు వేయాలి, నీళ్ల వైపు పెద్ద కిటికీ పెట్టాలి, బండలు మార్చాలి. నేను సరేనన్నాను. మేం పిల్లలను తీసుకుని ఆదివారాలు వచ్చి ఉండొచ్చనుకున్నాను. అత్తను అడిగితే, "కిటికీ దేనికి, నీళ్లను నేను జూడలేదా?" అంది.

తమ్ముడు తెలిసిన ఇంజనీరును తీసుకొచ్చాడు. అతను నేలను బూటుతో తన్ని చూసి, లోతుగా పిల్లర్లు దింపకపోతే ఏ గోడా నిలవదన్నాడు. మేస్త్రీ వచ్చి, పిల్లర్ల బరువుకు ఇల్లు మొత్తం దిగిపోతుందని, తేలిక ఇటుకతో కట్టి వదిలేయాలని అన్నాడు. ఇది పక్షులకూ మొసళ్లకూ కేటాయించిన నీళ్ల పక్కనున్న ఇల్లు కాబట్టి ఎవరినైనా అడగాలేమోనని నేనే అటవీశాఖ ఆఫీసుకు వెళ్లాను. అక్కడొకాయన కొత్తది కట్టకూడదు, పాతది బాగుచేసుకోవచ్చు అన్నాడు. పక్క కుర్చీలో ఉన్నాయన పాతదానికి కూడా అడగాలి అన్నాడు. పడిపోయిన గోడను మళ్లీ కడితే అది పాతదా, కొత్తదా అని అడిగాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఎక్కడుందో అక్కడే కట్టుకోండమ్మా, జరపకండి," అన్నాడు చివరికి మొదటాయన. అది అనుమతో, సలహానో నాకు ఇప్పటికీ తెలియదు.

చలి తగ్గాక పని మొదలైంది. మా సందు ఇరుకు కావడంతో ట్రాక్టరు డ్రైవర్ చుట్టూ తిరిగివచ్చి, ఇసుకను ఇంటి వెనక, నీళ్ల వైపు దించి వెళ్లాడు. ముందువైపు వేసి ఉంటే బాగుండేదని తమ్ముడు విసుక్కున్నాడు. మేస్త్రీ మిగిలిన గోడ ముక్కలను కూడా తీసేసి, వెనక గది పెంకులు దించి, పునాది తవ్వాడు. సరిగ్గా అప్పుడే అతని ఇంట్లో పెళ్లి వచ్చింది. హోళీ అయిపోయాక వస్తానని పనివాళ్లను తీసుకుని వెళ్లిపోయాడు. వెనక గదికీ నడిమి గదికీ మధ్యనున్న దర్వాజకు ఒక రేకు అడ్డం పెట్టి, అత్త ముందు గదిలోకి మారింది.

ఒక రోజు అత్త ఫోన్‌లో ఇసుకను కుక్కలు చెడగొడుతున్నాయని చెప్పింది. ఆ ఆదివారం తమ్ముడూ నేనూ కలిసి వెళ్లాం. ఇసుక కుప్ప ఒకవైపు కుంగి, మళ్లీ ఎవరో అరచేత్తో సర్దినట్టు నున్నగా ఉంది. పునాది గుంటలోకి కొంచెం ఇసుక పోద్దామని తమ్ముడు పార దించాడు. రెండో తట్టకు ఏదో తెల్లగా బయటపడింది. బంతి అనుకుని వంగాడు. దాని పక్కన ఇంకొకటి, దాని కింద మరికొన్ని. బాతుగుడ్ల కంటే పెద్దవి, కోలగా, సున్నం వేసినట్టు తెల్లగా ఉన్నాయి.

తాబేలువి అన్నాడు తమ్ముడు. తాబేలు గుడ్లు గుండ్రంగా ఉంటాయి కదా అన్నాను, ఎక్కడ చూశానో తెలియకుండానే. అత్త లోపల నుంచి వచ్చి ఒకసారి చూసి, తమ్ముడి చేతిలోంచి పార తీసుకుంది.

"మొసలిది. కప్పెయ్ అల్లుడా. మెల్లగ కప్పెయ్," అంది.

మేం ముగ్గురం నీళ్ల వైపు చూశాం. ముందు నాకేమీ కనిపించలేదు. తర్వాత, ఒడ్డుకు దగ్గరలోనే, ఎండుకట్టె అనుకున్నది మెల్లగా మునిగింది.

తమ్ముడు వంగి, చేతులతోనే ఇసుక కప్పేశాడు.

అటవీశాఖ వాచర్ పక్క ఊరివాడే. కబురు పెడితే బండి మీద వచ్చాడు. అన్నేళ్ల ఉద్యోగంలో ట్రాక్టరు దించిన ఇసుకలో మొసలి గుడ్లు పెట్టిన సంగతి తాను వినలేదన్నాడు. పైవాళ్లకు ఫోన్ చేశాడు. గుడ్లు కదిలిస్తే లోపలి పిల్ల చచ్చిపోతుంది, ముట్టుకోవద్దు అన్నారట. చుట్టూ ముళ్లకంప వేద్దామా అని అడిగితే ఒకరు వేయమన్నారు, ఇంకొకరు వేస్తే తల్లి రావడానికి వీలుండదు, వద్దన్నారు. చివరికి సగం వైపు కంప వేసి, నీళ్ల వైపు వదిలేశాడు. ఇంటివైపు ఏం చేయాలని తమ్ముడు అడిగాడు.

"ఇంటిదిక్కు గోడ పెట్టుకోవాలె సార్," అన్నాడు వాచర్.

"ఆ గోడ కట్టనీకే గదా ఇసుక తెచ్చింది," అన్నాడు తమ్ముడు.

వాచర్ తల గోక్కున్నాడు. కట్టుకోవచ్చు గానీ చప్పుడు చేయకుండా కట్టుకోమన్నాడు. ఆ ఇసుక ముట్టుకోకుండా కూడా. మేస్త్రీకి ఈ విషయం తెలిసి, హోళీ తర్వాత కాదు, వానలు మొదలైనా తాను రానని చెప్పాడు. వేరే మేస్త్రీలను అడిగాం. అప్పటికే కబురు చుట్టుపక్కలంతా పాకిపోయింది.

అత్తను బీరంగూడకు రమ్మన్నాను. రానంది. మా ఇంట్లో మేడమెట్లు ఎక్కలేనంది, లిఫ్ట్ ఉందని చెబితే అది ఎక్కడం ఇష్టం లేదంది. తమ్ముడు కూడా పిలిచాడు. గోడ లేని ఇంట్లో, మొసలి పక్కన, ఆమెను ఒంటరిగా ఎలా వదలాలో తోచలేదు. రెండేళ్లుగా వాడుకోని సెలవులు ఉంటే పెట్టేసి, బట్టలు సర్దుకుని వెళ్లాను. మా ఆయన ఎన్ని రోజులుంటావని అడిగాడు. మొసలిని అడగాలి అన్నాను. ఆయన నవ్వలేదు.

ఆ వేసవిలో నేను చేసిన పని ఏమిటని ఎవరైనా అడిగితే సరిగ్గా చెప్పలేను. పొద్దున అత్తతో కలిసి వాకిలి ఊడ్చేదాన్ని. రేకు సందులోంచి ఇసుక కుప్పను చూసేదాన్ని. అక్కడ ఏమీ ఉండేది కాదు. నీళ్లు రోజూ కొంచెం వెనక్కి పోతుండేవి. నీళ్లు పోయినకొద్దీ తల్లి నడవాల్సిన దూరం పెరుగుతుండేది. సాయంత్రం ఎండ వాలాక అది వచ్చేది. ఎండిన బురద మీద పొట్ట ఎత్తి, అచ్చం ముసలివాళ్లు నడిచినట్టు ఆగి ఆగి నడిచి, కుప్ప పక్కన పడుకునేది. మొదట్లో అది కనిపిస్తే రేకు దగ్గర నుంచి వెనక్కి వచ్చేసేదాన్ని. తర్వాత అది రావడం ఆలస్యమైతే ఎందుకో మనసు ఆగేది కాదు. రెంటిలో ఏది నా అసలు భయమో నాకే తెలియలేదు.

అత్త దాన్ని "గామె" అనేది. "గామె అచ్చిందా?" అని అడిగేది, పక్కింటావిడ గురించి అడిగినట్టు. తనకు భయం లేదా అని ఒకసారి అడిగాను.

"ఉన్నది. గని గామెకు గూడ మనమంటె ఉన్నది గదా. సూస్తలేవా, మనం దగ్గితె ఎట్ల తలకాయ లేపుతదో."

అది ధైర్యమో, మరేమిటో. మెట్టినూరు మునిగినప్పుడు ఏం చేశావని కూడా అడిగాను ఆ రోజే. అప్పటిదాకా ఎప్పుడూ అడగలేదు. గిన్నెలు సర్దుకున్నామని చెప్పింది. లేచి వెళ్లి పొయ్యి మీద పప్పు కలిపింది.

తమ్ముడు వారం వారం వచ్చి గొడవపడేవాడు. వానలు పడితే పునాది గుంట నిండి నడిమి గది కూడా కూర్చుంటుందని అతని భయం. ఆ భయం ఉత్తదేమీ కాదు. నడిమి గది మూలలో పగులు అప్పటికే వేలెడు వెడల్పయింది. వేరేచోటి నుంచి ఇసుక తెచ్చి, సంగారెడ్డి నుంచి మనుషులను మాట్లాడి, రెండు రోజుల్లో గోడ లేపేద్దామన్నాడు. చప్పుడుకు తల్లి రాకపోతేనో అన్నాను.

"అక్కా, నువ్వు ఎవరి దిక్కున్నవ్? అత్త దిక్కా, మొసలి దిక్కా?" అన్నాడు.

నేను అత్త కోసం వచ్చాను. అత్త క్షేమం కావాలంటే గోడ కావాలి. గోడ కావాలంటే ఆ మొసలి పోవాలి. కానీ అది పోవాలని అనుకోవడం నావల్ల కాలేదు. అతను చెప్పింది ప్రతి మాటా సరైనదే. నేను తల ఊపుతూనే వద్దన్నాను. అతను ఆ రోజు అన్నం తినకుండా వెళ్లిపోయాడు.

మే నెల చివర్లో, అతను మళ్లీ వచ్చిన ఆదివారం మధ్యాహ్నం, ఉన్నట్టుండి మబ్బు పట్టి గాలివాన వచ్చింది. వడగండ్లు పెంకుల మీద పడుతుంటే ఎవరి మాటా ఎవరికీ వినిపించలేదు. వెనక గదికి కప్పు లేకపోవడంతో నడిమి గది చూరు నీళ్లన్నీ నేరుగా వెనక్కి దూకి, పునాది గుంటను నింపి, ఇసుక కుప్ప అడుగును కోయడం మొదలుపెట్టాయి. ఇసుక చిన్న చిన్న పెళ్లలుగా జారిపోతోంది. నేను రేకు సందులోంచి చూస్తూ ఉండిపోయాను. బయటికి వెళ్లాలో వద్దో, తల్లి ఎక్కడుందో తెలియదు.

తమ్ముడు నన్ను పక్కకు జరిపి, దర్వాజకు అడ్డం పెట్టిన ఆ రేకునే ఊడదీశాడు. తల మీద పెట్టుకుని వానలోకి వెళ్లాడు. ఒక కొసను చూరు కింద పునాది రాళ్ల మీద ఆనించి, రెండో కొసను కుప్పకు అవతలి వైపు వాల్చాడు. నీళ్లు రేకు మీదుగా పక్కకు పడటం మొదలైంది. గాలికి రేకు లేవకుండా నేను వెళ్లి ఒక వైపు పట్టుకున్నాను. అత్త గుమ్మంలో నిలబడి నీళ్ల వైపే చూస్తూ ఉంది. అది వస్తే చెప్పడానికే అక్కడ నిలబడిందని తర్వాత తెలిసింది. వాన వెలిసేదాకా అట్లాగే నిలబడ్డాం. రేకు అంచు కోసి తమ్ముడి అరచేతిలోంచి రక్తం కారింది.

లోపలికొచ్చాక, ఎందుకు చేశావురా అని అడిగాను.

"ఇసుక కొట్టుకపోతది గదా," అన్నాడు.

నిజంగా ఇసుక కోసమే చేశాడేమో. అతని మొహంలో నాకేమీ కనిపించలేదు. చేతికి కట్టు కట్టి, టీ ఇచ్చాను.

తర్వాత కొద్దిరోజులకు, పొద్దున్నే వాకిలి ఊడుస్తున్న అత్త చీపురు ఆపి నన్ను పిలిచింది. ఇసుకలోంచి చప్పుడు వస్తోంది. కోడిపిల్లల అరుపులా కాదు, కప్పల బెకబెకలా కాదు, రెంటికీ మధ్య. ఇంకా చూస్తుండగానే తల్లి పగటి వెలుతురులోనే వచ్చేసింది. ఎప్పుడూ ఆగి ఆగి వచ్చేది ఆ రోజు ఆగలేదు. ముందు కాళ్లతో ఇసుకను తోడింది. నోరు తెరిచింది. నోట్లోకి ఒక పిల్లను తీసుకుంది. తర్వాత ఇంకొకదాన్ని.

అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తింటున్నది బిడ్డా," అంది మెల్లగా. "కన్నపిల్లల్ని తింటున్నది."

నేను కూడా అదే చూశాను. నా కళ్లతో చూశాను. ఆ పెద్ద పళ్ల మధ్య చిన్న తోకలు ఆడటం, నోరు మూతపడటం. అది నీళ్ల వైపు వెళ్లి మళ్లీ ఉత్త నోటితో తిరిగొచ్చింది. అత్త లోపలికి వెళ్లి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. ఎండాకాలమంతా కాపలా కాసింది దీనికోసమా అనిపించింది నాకు. రాయి తీసుకుని విసరబోయాను. ఎందుకో విసరలేదు.

వాచర్‌కు ఫోన్ చేస్తే నవ్వాడు. అది పిల్లల్ని నోట్లో పెట్టుకుని నీళ్లలో దించుతుందని, అట్లాగే మోస్తుందని చెప్పాడు. ఆయన ఎప్పుడైనా చూశారా అని అడిగాను. చూడలేదు గానీ పైసార్లు చెప్పారన్నాడు. ఆ మాట అత్తకు చెబితే, "మోసుడా?" అని మంచం మీంచి లేచింది. తర్వాత బయటికి వచ్చి, నీళ్ల అంచున చూసింది. అక్కడ తల్లి తల మాత్రం కనిపిస్తోంది. దాని చుట్టూ నీళ్ల మీద చిన్న చిన్న గీతలు కదులుతున్నాయి. అవి పిల్లలో, చేపలో మాకు తెలియలేదు. పిల్లలే అని అత్త తేల్చేసింది. కుప్పలో పొదగని గుడ్లు కొన్ని మిగిలిపోయాయి. వాటిని ఆమె కంప చాటున పూడ్చిపెట్టింది.

మేస్త్రీ వారంలోపు వచ్చాడు. తొలకరి మొదలవకముందే గోడ లేవాలని రాత్రింబవళ్లు తొందరపెట్టాడు తమ్ముడు. ఆ ఇసుకనే జల్లెడ పట్టారు. జల్లెడలో గుడ్డు పెంకులు మిగిలితే పనివాళ్లు ముట్టుకోవడానికి వెనకాడారు. అత్త వచ్చి చేత్తో ఏరి పారేసింది. గోడ పాత చోటే, తేలిక ఇటుకతో లేచింది. కిటికీ విషయంలో తమ్ముడు మనసు మార్చుకున్నాడు. పెద్దది వద్దు, చిన్నది చాలన్నాడు. ఆశ్చర్యంగా ఈసారి అత్తే పెద్దది పెట్టమంది. ఇద్దరూ వాదించుకుంటుంటే ఏ వైపు మాట్లాడాలో తోచక నేను మధ్యరకంగా పెట్టించాను. అది ఇద్దరికీ నచ్చలేదు.

నేను డ్యూటీకి తిరిగి వెళ్లాక, ప్యాకింగ్ బెల్టు మీద పెట్టెలు కదులుతుంటే, ఎండాకాలమంతా ఎక్కడికి వెళ్లావని అందరూ అడిగారు. ఇల్లు బాగుచేయించాం అని చెప్పాను. అది అబద్ధం కాదు.

ఆ చలికాలం తమ్ముడి షిఫ్టులోని నలుగురైదుగురు భార్యాపిల్లలతో ఒక ఆదివారం ఆ ఇల్లు చూడటానికి వచ్చారు. తమ్ముడు వాళ్లకు జరిగిందంతా చెప్పి ఉన్నాడు, కొంచెం కలిపి కూడా చెప్పి ఉంటాడు. భోజనాలయ్యాక ఒకావిడ కిటికీ దగ్గర నిలబడి, మొసలి ఎక్కడ కనిపిస్తుందని అత్తను అడిగింది. ఫోన్ చేతిలో సిద్ధంగా పట్టుకుంది. ఆ పొద్దున్నే ఆ మొసలి అవతలి గడ్డ మీద ఎండకు పడుకుని ఉండటం నేనూ అత్తా ఇద్దరం చూశాం.

"మొసలేంది? ఈడ ఏం లేవమ్మా," అంది అత్త. "గీ పోరడు ఉత్తగనే చెప్పిండు."

తమ్ముడు బిత్తరపోయి నా వైపు చూశాడు. నేను ఏదో ఒకటి చెబుతానని అందరూ చూస్తున్నారు. నేను ప్లేట్లు తీసుకుని వంటగదిలోకి వెళ్లాను.